టీచరు ఓడెక్కితే పాఠం ఎవరి దగ్గర ఉంటుంది?

కార్ నికోబార్‌లోనో కాంప్‌బెల్ బేలోనో ‘హార్డ్ ఏరియా’ అనే కష్టప్రాంతపు పోస్టింగు గడువు ముగిసిన టీచరు సామాను సర్దుకుని పోర్ట్ బ్లెయిర్ ఓడ ఎక్కుతారు. హాజరు పట్టీ, మార్కుల రిజిస్టరు, మధ్యాహ్న భోజనం లెక్క బడిలో భద్రంగా ఉంటాయి. ఏ పిల్లవాడు అప్పు తెచ్చుకునే తీసివేత దగ్గర ఆగిపోతున్నాడో, ఏ పిల్ల చదవగలిగి కూడా నోరు విప్పదో, ఏ పద్ధతి మొదట్లో పనిచేసి తర్వాత ఎందుకు చప్పబడిందో మాత్రం ఆ టీచరుతోనే వెళ్లిపోతుంది. వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. బోధనను బాగుచేయడానికి పరిశోధన ఏం చేయగలదన్న ప్రశ్నను అండమాన్ నికోబార్ దీవుల నుంచి చూస్తే నాకు ముందు కనబడేది ఈ నష్టమే.

2011 లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా 3,80,581. నూటికి ఇరవై ఎనిమిది మందికి పైగా బెంగాలీని, పందొమ్మిది మంది హిందీని, పదిహేను మంది తమిళాన్ని, పదమూడు మంది తెలుగును మాతృభాషగా రాయించుకున్నారు. నికోబారీ, మలయాళం, కురుఖ్, కరెన్ వంటివి వీటికి అదనం. శ్రీకాకుళం ఉద్దానం నుంచి, విశాఖ తీరం నుంచి చేపల వేటకూ కూలిపనులకూ వెళ్లి స్థిరపడ్డ కుటుంబంలోని పిల్లవాడు పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, వీధిలో అండమాన్ హిందీ మాట్లాడతాడు, బళ్లో హిందీయో ఇంగ్లీషో చదువుతాడు. ప్రభుత్వ బళ్లు హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళం, తెలుగు మాధ్యమాల్లో నడిచాయి, బోర్డు సీబీఎస్‌ఈ. బడి చిన్నది, తరగతి ఇంకా చిన్నది, భాషలు అనేకం, మధ్యలో సముద్రం. బోధన మీద ప్రపంచంలో జరిగిన పెద్ద పరిశోధనల్లో ఎక్కువ భాగం దీనికి పూర్తిగా భిన్నమైన చోట్ల జరిగాయి. అక్కడ బళ్లు వందల్లో, తరగతికి పిల్లలు పదుల్లో, భాష ఒకటో రెండో.

ఆ పరిశోధన చరిత్ర క్లుప్తంగా ఇది. 1996లో ఇంగ్లండులో డేవిడ్ హార్‌గ్రీవ్స్, వైద్యం లాగే బోధన కూడా పరిశోధన మీద నిలబడాలని ఒక ఉపన్యాసంలో గట్టిగా వాదించారు. 2002లో అమెరికా ప్రభుత్వం ఏ పద్ధతికి ఎంత రుజువు ఉందో వడపోసి చెప్పడానికి వాట్ వర్క్స్ క్లియరింగ్‌హౌస్‌ను నెలకొల్పింది. 2009లో జాన్ హ్యాటీ ఎనిమిది వందలకు పైగా సమీక్షల ఫలితాలను ఒక్క పుస్తకంలోకి చేర్చి పద్ధతికొక అంకె ఇచ్చారు. 2011లో ఇంగ్లండులో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ వచ్చింది. ‘ఏది పనిచేస్తుంది’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదనీ, చదువు దేనికోసమన్నది దానికంటే ముందు ప్రశ్న అనీ 2007లో గెర్ట్ బీస్టా ఎదురు వాదన చేశారు. హ్యాటీ అంకెల మీద నాకు నమ్మకం తక్కువ. వేర్వేరు దేశాల, వయసుల, పరీక్షల ఫలితాలను ఒకే కొలతలోకి దించితే వచ్చే సగటు ఏ తరగతిదీ కాదు. అయినా ఈ ఉద్యమం వెనక ఉన్న కోరిక న్యాయమైనది. అలవాటును బట్టో పైనుంచి వచ్చిన ఉత్తర్వును బట్టో కాక, పిల్లలు నేర్చుకున్నారన్న ఆధారాన్ని బట్టి టీచరు నిర్ణయం తీసుకోవాలన్నదే ఆ కోరిక.

మన దేశంలో ఆధారం అనగానే సర్వే గుర్తుకొస్తుంది. 2021 నవంబరు 12న జాతీయ సాధన సర్వే 3, 5, 8, 10 తరగతుల పిల్లలు సుమారు 34 లక్షల మందిని ఒకే రోజు పరీక్షించింది. ఫలితాలు జిల్లాల వారీగా వచ్చాయి. ఇప్పుడు నికోబార్ జిల్లాను చూడండి. 2011లో దాని జనాభా 36,842. కార్ నికోబార్, నాన్‌కౌరీ, గ్రేట్ నికోబార్ మూడూ ఆ ఒక్క జిల్లాలోనివే. మొదటి రెండింటి భాషలే ఒకరివి ఒకరికి అర్థం కావు. మూడోదానిలో కాంప్‌బెల్ బే చుట్టూ 1969 నుంచి వచ్చి స్థిరపడ్డ మాజీ సైనికుల కుటుంబాలున్నాయి. ఈ మూడింటినీ కలిపి తీసిన సగటు పోర్ట్ బ్లెయిర్ కార్యాలయానికి పనికొస్తుందేమో కానీ ఏ తరగతి గదికీ పనికిరాదు. పైగా తరగతిలో పదిమందే ఉన్నప్పుడు ఇద్దరు జ్వరంతో పరీక్షకు రాకపోతే చాలు, సగటు మారిపోతుంది. 2002లో థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అమెరికా బళ్ల ఫలితాలను పరిశీలించి దీన్నే చూపించారు. చిన్న బళ్లు ఒక ఏడు అగ్రస్థానంలో, మరో ఏడు అట్టడుగున కనబడతాయి. బోధన మారకపోయినా సంఖ్య చిన్నది కావడం వల్లే అంత ఊగిసలాట. దీవిలోని చిన్న బడిని ఒక ఏడాది ఫలితం చూసి మెచ్చుకోవడమూ మందలించడమూ రెండూ అన్యాయమే.

ఆ అంకెలైనా నిజమైనవేనా? ఆంధ్రప్రదేశ్ బళ్లలో ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ కాగితం మీది పరీక్షనూ ట్యాబ్లెట్ మీది పరీక్షనూ పోల్చి చూశారు. కాగితపు మార్కులు పిల్లల వాస్తవ స్థాయిని బాగా ఎక్కువ చేసి చూపాయి. ట్యాబ్లెట్ మార్కులు విడిగా జరిపిన తనిఖీకి దగ్గరగా వచ్చాయి. మార్కు తగ్గితే మాట పడాల్సి వస్తుందన్న భయం ఉన్నచోట మార్కు తగ్గదు.

సర్వే రోగం ఉందని చెబుతుంది, మందు చెప్పదు. మందు కోసం చేసిన ప్రయోగాల్లో అతి ముఖ్యమైనవి కొన్ని తెలుగు నేల మీదే జరిగాయి. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను లాటరీ పద్ధతిలో జట్లుగా విడదీశారు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ క్షేత్రంలో పని నడిపింది. కొన్ని బళ్లలో పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్, కొన్నింటికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు, కొన్నింటికి నగదు గ్రాంటు. రెండేళ్లకు బోనస్ బళ్ల పిల్లలు గణితంలో ప్రామాణిక విచలనంలో 0.27 వంతు, భాషలో 0.17 వంతు ముందున్నారు. అదనపు టీచరు ఉన్న బళ్లూ మెరుగుపడ్డాయి. ఈ ఫలితాలను ప్రపంచమంతా ఉదహరిస్తుంది. నాకు మాత్రం వీటికన్నా అదే అధ్యయనంలో తక్కువ ప్రచారం పొందిన ఇంకో ఫలితం ముఖ్యంగా తోస్తుంది.

వంద బళ్ల టీచర్లకు పిల్లల పరీక్ష ఫలితాలను విడమరిచి ఇచ్చారు. ఏ పిల్లవాడికి ఏ నైపుణ్యం వచ్చు, ఏది రాదు, దాన్ని ఎలా వాడుకోవచ్చు అన్నది వివరంగా రాసి ఇచ్చి, అప్పుడప్పుడు తరగతికి వెళ్లి చూసి వచ్చారు. ఎవరో వచ్చి కూర్చున్న రోజు టీచర్లు ఎక్కువ శ్రమపడ్డారు. ఏడాది చివర పిల్లల చదువులో తేడా ఏమీ లేదు. 2010లో అచ్చయిన ఈ ఫలితం ఆధారాలంటే కేవలం సమాచారమనుకునే మనందరికీ గట్టి దెబ్బ. అదే నివేదికలు బోనస్ బళ్లకూ వెళ్లాయి. అవి బాగా ఉపయోగపడ్డాయన్న టీచర్ల పిల్లలు అక్కడ నిజంగానే ముందుకు వెళ్లారు. అంటే కాగితంలో లోపం లేదు. దాన్ని తెరిచి, ఆ రోజు పాఠాన్ని మార్చుకోవడానికి ఒక కారణం కావాలి, కొంత సమయం కావాలి. బోనస్ ఒక్కటే ఆ కారణం కానక్కరలేదు.

సమయం సంగతి ప్రథమ్ సంస్థ అనుభవంలో తేటగా కనబడుతుంది. పిల్లల్ని తరగతిని బట్టి కాక చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టి నేర్పే పద్ధతి 2001 నుంచి ముంబయి, వడోదరల్లో బాలసఖి పేరుతో పరీక్షకు నిలిచింది, గెలిచింది. తర్వాత బీహార్‌లో ప్రభుత్వ టీచర్లే వేసవి శిబిరాల్లో ఆ పద్ధతితో నేర్పితే పిల్లలు చదవడం నేర్చుకున్నారు. బడి తెరిచాక అదే రాష్ట్రంలో టీచర్లకు శిక్షణా సామగ్రీ ఇచ్చి ఊరుకుంటే ఫలితం రాలేదు, ఎందుకంటే జూన్ రాగానే సిలబస్ తరుముతుంది. హర్యానాలో 2012–13లో రోజుకొక గంటను దీనికోసమే కేటాయించి, క్లస్టరు స్థాయి సిబ్బంది తరగతికి వచ్చి సాయపడే ఏర్పాటు చేస్తే హిందీ చదువు మెరుగుపడింది, గణితం మాత్రం కదల్లేదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ దుఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకు 2019లో నోబెల్ తెచ్చిన పరిశోధనలో ఇవి భాగం. వీటి పక్కన మధ్యప్రదేశ్ అనుభవాన్ని పెట్టి చూడాలి. బడి తనను తాను మూల్యాంకనం చేసుకుని అభివృద్ధి ప్రణాళిక రాసుకునే పథకం అక్కడ కాగితాల మీద చక్కగా నడిచింది. బోధనా మారలేదు, చదువూ మారలేదు. అయినా ఆ నమూనానే దేశమంతటికీ విస్తరించారు. ఆధారం చేతిలో ఉండి కూడా దాన్ని వదిలేసిన సందర్భమిది, చదివినప్పుడల్లా బాధ కలిగిస్తుంది.

ఒకచోట గెలిచిన పద్ధతి ఇంకోచోట గెలుస్తుందా? టెన్నెసీ రాష్ట్రంలో 1985లో మొదలైన ప్రయోగంలో పదమూడు నుంచి పదిహేడు మంది ఉన్న చిన్న తరగతులు పిల్లలకు మేలు చేశాయి. అది చూసి కాలిఫోర్నియా 1996లో రాష్ట్రమంతా తరగతుల పరిమాణం తగ్గించింది. ఒక్కసారిగా అన్ని గదులూ అంతమంది టీచర్లూ కావాల్సి వచ్చేసరికి శిక్షణ లేనివారిని తీసుకున్నారు. ఆశించిన లాభం రాలేదు. అండమాన్‌లో చిన్న తరగతులు దూరం వల్లా జనాభా వల్లా వాటంతటవే ఏర్పడ్డాయి. పిల్లలు తక్కువ కాబట్టి చదువు దానంతటదే బాగుంటుందనుకుంటే టెన్నెసీ అంకెను తప్పుగా చదివినట్టే. చిన్న దీవిలో తక్కువమంది అంటే తరచుగా ఒకే గదిలో రెండు మూడు తరగతులు, ఒకే టీచరు.

ఆ స్థితికి తగిన పని మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో జరిగింది. 1980ల చివరి నుంచి రమ, పద్మనాభరావు దంపతులు ఒంటి టీచరు బళ్ల కోసం పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, పిల్లవాడు తన వేగంతో మెట్టు మెట్టుగా ఎక్కే నిచ్చెనగా అమర్చారు. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటె టీచర్లు దాన్ని చూసి వెళ్లి తమ భాషలో, తమ పిల్లల కోసం నలి-కలిగా తిరగరాసుకున్నారు. తమిళనాడులో ఇదే పద్ధతి 2003లో చెన్నై నగరపాలక బళ్లలో మొదలై 2007కల్లా రాష్ట్రమంతా వ్యాపించింది. హెగ్గడదేవనకోటెలో టీచర్లే కార్డులు రాశారు కనుక ప్రతి కార్డూ ఎందుకుందో వాళ్లకు తెలుసు. పైనుంచి పెట్టెగా దిగినచోట కార్డులు బీరువాలకు పరిమితమయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. గ్రేట్ నికోబార్‌కో లిటిల్ అండమాన్‌కో ఇలాంటి నిచ్చెన కావాలంటే దాని మెట్లు అక్కడి టీచర్ల చేతిలోనే తయారవాలి.

భాష దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దీవుల చదువులో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అదే. ఉద్దానానికి ఎంతో దూరం లేని పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి గారు సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాచకాలు రాసి, బళ్లు నడిపి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. పిల్లవాడి నోట ఉన్న భాషను మొదట వినడమే ఆయన పరిశోధన పద్ధతి. కార్ నికోబార్‌లోనూ ఇలాంటి పని జరిగింది. బర్మాలో చదువుకుని వచ్చి, బైబిల్‌ను కార్ భాషలోకి తెచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు నామినేట్ అయిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆ భాషకు రోమన్ లిపిలో చదువు నిలబెట్టారు. ఇద్దరి పనికీ మూలం ఒకటే: పరిశోధన చేసినవారే పాఠం చెప్పారు.

ఈ దీవుల్లో పరిశోధన జరగలేదని కాదు. ఈ.హెచ్. మాన్ పందొమ్మిదో శతాబ్దంలోనే భాషలనూ ఆచారాలనూ నమోదు చేశారు. 1906–08లో ఇక్కడ తిరిగిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో వేసిన పుస్తకం మానవశాస్త్రానికే పునాదుల్లో ఒకటైంది. అక జెరు, అక బొ వంటి గ్రేట్ అండమానీ భాషలను చివరి మాటకర్తల నుంచి అన్వితా అబ్బి రికార్డు చేశారు; అక బొ చివరి మాటకర్త బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూశారు. ఇంత పరిశోధనా దీవుల మనుషుల గురించి జరిగింది. వాళ్ల పిల్లల తరగతి గదికి దాన్నుంచి తిరిగి వచ్చింది చాలా తక్కువ. బయటివారు వచ్చి, కొలిచి, రాసుకుని వెళ్లిపోయే ఈ అలవాటు ఇప్పటి పరీక్షల సర్వేల్లోనూ కొనసాగకూడదు.

మాతృభాషలో మొదలుపెట్టడం గురించి తెలుగువారికి స్వానుభవం ఉంది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల్లో బహుభాషా విద్యను 240 బళ్లలో ప్రారంభించింది. ఇంకోవైపు అదే రాష్ట్రంలో 2008లో మొదలైన స్కూలు వోచర్ల (ప్రైవేటు బడి ఫీజు చెల్లింపు పత్రాల) అధ్యయనం ఉంది. లాటరీలో వోచరు వచ్చి ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు నాలుగేళ్ల తర్వాత తెలుగు, గణితాల్లో ప్రభుత్వ బడి పిల్లల్ని మించలేదు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు. ఇంగ్లీషు మాధ్యమానికి మారినవారు గణితం వంటి పాఠాల్లో వెనకబడ్డారనీ, తెలుగు మాధ్యమం ప్రైవేటు బళ్లకు వెళ్లినవారు అలా కాలేదనీ అందులో సూచన ఉంది. ఇది సూచనే, తీర్పు కాదు. అయినా జంగ్లీఘాట్ తల్లి పిల్లవాణ్ణి ఇంగ్లీషు బడిలో వేసేటప్పుడు ఆమెకు ఈ సంగతి ఎవరో చెప్పాలి. ఆమె కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మాధ్యమం ఏదైనా మొదటి రెండేళ్లు టీచరు పిల్లవాడి ఇంటి భాషను గదిలోకి రానిస్తే ఆ కోరికే ఎక్కువగా తీరుతుంది.

రానివ్వాలంటే టీచరే పరిశోధకుడు కావాలి. 1975లో లారెన్స్ స్టెన్‌హౌస్ ఇంగ్లండులో ఈ మాటే చెప్పారు. జపాన్ టీచర్లు వందేళ్లకు పైగా ‘జుగ్యో కెంక్యూ’ పేరుతో కలిసి ఒక పాఠం రాసి, ఒకరు చెబుతుండగా మిగతావారు పిల్లల్ని గమనించి, తర్వాత కూర్చుని ఆ పాఠాన్ని సరిదిద్దుకుంటున్నారు. మన దేశంలో 1986 జాతీయ విద్యావిధానం తర్వాత వచ్చిన జిల్లా విద్యా శిక్షణ సంస్థలైన డైట్‌లకు యాక్షన్ రీసెర్చ్, అంటే టీచరు తన తరగతి మీద తానే చేసే పరిశోధన, మొదటి నుంచీ విధుల్లో ఒకటి. గారాచర్మాలో డైట్ ఉంది, పోర్ట్ బ్లెయిర్‌లో ఠాగూర్ ప్రభుత్వ విద్యా కళాశాల ఉంది. దేశమంతటా యాక్షన్ రీసెర్చ్ బలహీనపడింది ఒకే చోట: అది సర్టిఫికెట్ కోసం రాసే ఫైలుగా మారింది. సమస్య, లక్ష్యాలు, పరికల్పన, ముందు పరీక్ష, తర్వాత పరీక్ష, ‘విద్యార్థులు మెరుగుపడ్డారు’ అన్న ముగింపు. పద్ధతి విఫలమైందని రాసిన ఫైలు కనబడటం అరుదు. విఫలమైనది రాయడానికి చోటు లేకపోతే పరిశోధన లేనట్టే.

పదిమంది పిల్లలతో రుజువు ఎలా కుదురుతుందని అడగొచ్చు. కుదురుతుంది. సగటులు వదిలి ఒక్కో పిల్లవాణ్ణి చాలాసార్లు కొలవాలి. రెండో తరగతిలో కొత్త పద్ధతి మొదటి నెలలో, మూడో తరగతిలో మూడో నెలలో, పక్క దీవి బడిలో ఐదో నెలలో మొదలుపెట్టాలి. ప్రతి చోటా పద్ధతి మొదలైన తర్వాతే పిల్లల ప్రగతిని చూపే గీత పైకి వంగితే, అది ఎండాకాలం వల్లో వయసు వల్లో వచ్చిన మార్పు కాదని ధైర్యంగా చెప్పొచ్చు. దీనికి కంప్యూటరు అక్కరలేదు. గీతల పుస్తకం చాలు, అది బడిదై ఉండాలి. ఓడెక్కే టీచరు రిలీవింగ్ కాగితాలతో పాటు ఆ పుస్తకాన్నీ అప్పగించాలి, వచ్చినవారు మొదటి వారంలో దాన్ని చదివి సంతకం చేయాలి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రగర్భ కేబుల్ వచ్చింది. కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, రంగత్ దాకా అది చేరింది. దాని మీద ఢిల్లీ నుంచి శిక్షణ వీడియోలు వస్తున్నాయి, మంచిదే. కమోర్టా టీచరు రంగత్ టీచరుకు తన గీతల పుస్తకంలోని ఒక పేజీ చూపించి మాట్లాడే అరగంట కూడా అదే తీగ మీద సాగాలి. 2020 జాతీయ విద్యావిధానం టీచరుకు ఏడాదికి యాభై గంటల వృత్తి వికాసం కావాలంటుంది. ఈ సంభాషణ ఆ యాభైలో లెక్కకు రాకపోతే ఎన్నికల విధులూ జనగణన విధులూ మోసే టీచరు దీనికి సమయం ఎక్కణ్నుంచి తెస్తారు?

దీవుల బళ్లు మిగతా ప్రపంచం కన్నా బాగా జవాబు చెప్పగల ప్రశ్న ఒకటుంది, అది సంఖ్యల పేర్ల గురించి. తెలుగులో ఇరవై దాటాక ముప్పై తొమ్మిది అంటే మూడు పదులూ తొమ్మిదీ చెవికి వినబడతాయి. తమిళంలోనూ దాదాపు అంతే. హిందీ, బెంగాలీలలో అదే సంఖ్యను నలభైకి ఒకటి తక్కువగా చెబుతారు, కాబట్టి ‘ఉంతాలీస్’లో మూడూ వినబడదు, తొమ్మిదీ వినబడదు. కొబ్బరికాయల్ని ఇరవైల చొప్పున లెక్కపెట్టే సంప్రదాయం నికోబారీలది. చైనా, జపాన్, కొరియా పిల్లలు స్థానవిలువను అమెరికా పిల్లల కన్నా త్వరగా పట్టుకోవడానికి వాళ్ల సంఖ్యల పేర్లు కారణమా అని ఐరీన్ మియురా 1980ల నుంచి అడిగారు. దేశాలు వేరు, బళ్లు వేరు, తల్లిదండ్రుల పట్టింపు వేరు కనుక ఆ పోలికలో చిక్కు ఎప్పుడూ మిగిలింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఇక్కడి ఈ భాషలన్నిటి పిల్లలూ ఒకే గదిలో ఒకే టీచరు దగ్గర కూర్చునే బళ్లున్నాయి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పదేసి పుల్లల కట్టలూ విడి పుల్లలూ ఇచ్చి ముప్పై తొమ్మిది పేర్చమనాలి. ఎవరు మూడు కట్టలు తీశారో, ఎవరు ఒక్కొక్క పుల్లా లెక్కపెట్టారో ఇంటి భాష పక్కన రాసుకోవాలి. తర్వాత నెల రోజుల పాటు హిందీ సంఖ్యలను కూడా ‘తీన్ దస్, నౌ’ అని చెప్పించి మళ్లీ పేర్చమనాలి. గారాచర్మా డైట్‌లో చదువుకుంటున్న ఛాత్రోపాధ్యాయులు ఈ పని ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.